గనిబూట్ల పరుగు

మా ఆయన మల్లేశం గనిలో టింబర్ మేస్త్రి. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్రమొద్దులు నిలబెట్టే పని. లోపల ఆయనంత భయస్తుడు లేడని తోటివాళ్లు నవ్వుతారు. ఇనుపగడతో కప్పును కొట్టి చూడనిదే అడుగు ముందుకు వెయ్యడు. గట్టిగా మోగితే పోతాడు, డొల్లగా మోగితే ఆగి మొద్దు పెడతాడు. ఇన్నేళ్లలో ఆయన గుంపులో ఒక్కరికీ గోరంత గాయం కాలేదు. నా పసుపుకుంకుమలు ఆ భయం చలవే.

అదే మనిషి కూతురికి పరుగు నేర్పడానికి మైదానంలో నిలబడితే మాత్రం ఒంట్లో దయ్యం దూరినట్టే.

మహారాష్ట్రలోని మా మాజ్రి గని కాలనీలో ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చిన ఏడు అది. టీవీలొచ్చాయి గానీ కొలువులు పోయాయి. గనిలో కొత్తవాళ్లను తీసుకోవడం ఆగిపోయింది. మా బిడ్డ సుమన్ పన్నెండో తరగతి పాసై ఇంట్లోనే ఉంది. అంతలో చంద్రాపూర్‌లో పోలీసు భర్తీ ఉందని, ఆడపిల్లలను కూడా తీసుకుంటారని తెలిసింది. ముందు పరుగులో నెగ్గాలి, తర్వాతే మిగతావి. మళ్లీ ఎప్పుడు తీస్తారో ఎవరికీ తెలియదు. పిల్లేమో అప్పుడే అద్దం ముందు నిలబడి సెల్యూట్ కొట్టడం మొదలుపెట్టింది.

మైదానం చుట్టూ ఒక చక్కరుకే ఆయాసపడిన పిల్ల కొన్నాళ్లకు నవ్వుతూ మూడు కొట్టింది. అది చూసి మా ఆయనకు ఆశ ఆగలేదు. గనిలో ఇచ్చే తన ఇనుపముక్కు బూట్లు తెచ్చి, లోపల గుడ్డలు కుక్కి, పిల్ల కాళ్లకు తొడిగాడు.

"ఏందయ్యా గిది? పిల్లనా, బర్రెనా?" అన్నాను.

"నీకెరుక లేదే. బరువు బూట్లతోని ఉరికితే పరీక్షనాడు కాళ్లు గాలిల తేలుతయ్."

"ఉరికి పాలు తాగేకంటె నిలవడి నీళ్లు తాగుడు మేలంటరు."

"నిలవడి నీళ్లు తాగెటోళ్లకు పోలీసు కొలువు ఎవడిస్తడే?"

నాకు ఒళ్లు మండింది. బిందె పట్టుకుని నల్లా దగ్గరికి పోయాను.

ఇక రోజూ "ఇంకో చక్కర్ బిడ్డా! ఇంకో చక్కర్!" అన్న కేక నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే మాకు కూడా వినపడేది. ఒకరోజు సుమన్ మోకాలి కింద ముందు ఎముకను నొక్కుకుంటూ కూర్చోవడం చూశాను. నేను వేలు పెట్టగానే కాలు లాక్కుంది.

"బాపుకు చెప్పకే అమ్మా. భర్తీ దగ్గరపడ్డది."

ఆ రాత్రి నాకు కునుకు లేదు. తెల్లారి ఆయన్ను నాలుగు మాటలు అడగాలని నేనూ మైదానానికి పోయాను. నా అవసరమే రాలేదు. చక్కరు మధ్యలో సుమన్ తనంతట తానే ఆగిపోయింది.

"బస్ ఝాలం, చాలు బాపూ. ఇంక ఉరుక."

"గిప్పుడు ఆగుతే ఎట్ల బిడ్డా? నొప్పికి ఓర్సుకోవాలె."

పిల్ల దుమ్ములో కూర్చుని బూట్ల లేసులు విప్పింది. "ఒక మాట చెప్పు బాపూ. కప్పు డొల్లగ మోగితే ఏం జేస్తవ్?"

"ఆగుత."

"బొగ్గు ఎక్కువ కావాల్నని సాబ్ ఒర్రినా?"

"సాబ్ తాత ఒర్రినా ఆగుత. మొద్దు వెట్టినంకనే అడుగు."

"నా కాలు డొల్లగ మోగుతున్నది బాపూ."

ఆయన పిల్ల పక్కనే దుమ్ములో కూర్చున్నాడు. బొటనవేలితో ఎముక మీద మెల్లగా నొక్కాడు. పిల్ల పళ్లు బిగబట్టింది. నేను పోయి బూట్లు ఏరి ఆయన చేతికిచ్చాను. సుమన్‌ను సైకిల్ మీద కూర్చోబెట్టి, బూట్లు హ్యాండిల్‌కు తగిలించి, ఇంటిదాకా సైకిల్ తోసుకుంటూ తీసుకొచ్చాడు.

దవాఖానాలో డాక్టరు కూడా కొన్నాళ్లు ఉరకొద్దన్నాడు. భర్తీ దగ్గరికొస్తుంటే మంచంలో కూర్చోవడం పిల్లకు నరకమే అయింది. నొప్పి పోయాక గుడ్డ బూట్లు వచ్చాయి. మొదట నడక, తర్వాత ఒక చక్కరు. రోజూ పొద్దున ఆయన కాలిని తట్టి, "మోగుతున్నదా?" అనేవాడు. "గట్టిగున్నది" అంటే, "అయితే ఇయ్యాల జరంత ఎక్కువ" అని ఇంకొంత దూరం కలపకుండా వదిలేవాడు కాదు. పిల్ల నసిగిన రోజు నడకే. అట్లా కలుపుతూ కలుపుతూ పాత చక్కర్లు దాటేసింది.

భర్తీనాడు చంద్రాపూర్ మైదానం కంచె బయట నిలబడ్డాం. మొదటి చక్కరులో సుమన్ వెనకబడింది. మా ఆయన తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. కేకలు వేసింది నేనే. చివరి మలుపులో పిల్ల దాచుకున్న బలమంతా తీసింది. ఒకరి తర్వాత ఒకరిని దాటుకుంటూ వచ్చి, నెగ్గినవాళ్ల వరుసలో నిలబడింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

కాసేపటికి రొప్పుతూ కంచె దగ్గరకొచ్చింది. కళ్లలో కొంటెతనం.

"బాపూ, ఇంకో చక్కర్ కొట్టమంటవా?"

ఆయన వంగి, కంచె సందులోంచి చెయ్యి పెట్టి కాలిని తట్టి చూశాడు.

"గట్టిగనే ఉన్నది గాని, వద్దు బిడ్డా. ఇయ్యాల్టికి చాలు."

ఆ నోట 'చాలు' అన్న మాట నేను వినడం అదే మొదటిసారి.