పెద్దాయన లేవట్లేదు

విశ్వాసం పేరులో ఉన్నంత విశ్వాసం అతని మాటల మీద అర్ధవీడులో ఎవరికీ లేదు. బేల్దారి మేస్త్రీ. గోడ కడితే తూకం తప్పదు గానీ, మాట చెబితే మాత్రం పునాది లేకుండా మూడంతస్తులు లేపుతాడు. గిద్దలూరు డాక్టరు "షుగరు తగ్గాలంటే రోజూ కాసేపు సైకిలు తొక్కు" అన్నాడు. ఆ మాట అర్ధవీడు చేరేసరికి "నల్లమల దాటి నంద్యాల దాకా తొక్కితే షుగరు మళ్లీ తలెత్తదన్నాడు" అయింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు పదిమందిలో అనేశాడు. ఇక వెనక్కి తగ్గితే పరువేం కాను?

ఆ రోజు నుంచి భార్య అన్నమ్మకు అన్నం సయించలేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, అడవిలో షుగరు పడిపోయి కళ్లు తిరిగితే పట్టుకునేదెవరు? అందుకే కూతురికి హైస్కూల్లో ఇచ్చిన సైకిలు దులిపి, బుట్టలో బెల్లంగడ్డ, నీళ్లసీసా పెట్టుకుని తానూ బయలుదేరింది. మొదటి రోజు గిద్దలూరులో చుట్టాలింట పడుకున్నారు. పొద్దున్నే లేచి చూస్తే విశ్వాసం జుట్టుకీ మీసానికీ నల్లరంగు పూసుకుని, చర్చి కుర్రాళ్లకు పంచగా మిగిలిన పసుపు టీషర్టు తొడుక్కుని తయారు.

"నంద్యాలలో ఫోటో దిగాల గదా!" అన్నాడు.

అడవి మొదలయ్యే దిగువమెట్టలో టీ తాగారు. బంకు కృష్ణవేణమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"రైలుండగా ఇదేం తిప్పలమ్మా? సరే పోండి గానీ, అడివిలో ఆ పేరు మాత్రం ఎత్తబాకండి."

"ఏ పేరు?"

"చారలుండేదాని పేరు. మేమైతే పెద్దాయన అంటాం. పేరెత్తితే పిలిచినట్టేనంట, వచ్చేస్తాడు."

"మేము ప్రభువు బిడ్డలం పిన్నమ్మా, మాకట్టాంటి పట్టింపుల్లేవు" అన్నాడు విశ్వాసం. అన్నమ్మ మాత్రం ఆ మాటను కొంగున ముడేసుకుంది.

ఘాట్ రోడ్డు మొదలైంది. అది ఎంత ఎక్కుడంటే, అక్కడి కోతులు కూడా లారీలాపి లిఫ్టు అడుగుతాయి. మలుపు తిరిగితే ముందుచక్రం వెనకచక్రానికి ఎదురొచ్చి బాగోగులు కనుక్కుంటుంది. మూడో మలుపు దగ్గర అన్నమ్మ దిగి, రొప్పుతూ సైకిలు నెట్టసాగింది.

"ఏమే ముసలీ, నిన్ను గూడా మోసుకోని పోవాల్నా?" అన్నాడు విశ్వాసం. "నన్ను చూసి ఆ టీ బంకామె పాతికేళ్ల పిల్లోడనుకునింది, తెలుసా?"

అన్నమ్మకు ఒళ్లు మండిపోయింది. "రంగేసుకుంటే వయసు పోతదా? గొప్పలు చెప్పీ చెప్పీ ముదిరిన ఒళ్లయ్యా నీది! పులి తిన్నా దానికి అరగదు!"

అన్నాక గానీ తెలియలేదు, ఏం అన్నదో. చెట్ల మీద కొండముచ్చు ఒకటి గట్టిగా అరిచి ఊరుకుంది. భయాన్ని దాచుకోవడానికి కోపాన్నే పట్టుకుని, అన్నమ్మ సైకిలెక్కి వెనక్కి చూడకుండా తొక్కేసింది.

కొండెక్కాక అటవీశాఖ చెక్‌పోస్టు వచ్చింది. దిగి నిలబడింది. పది నిమిషాలు. ఇరవై. బుట్టలోకి చూసుకుంటే బెల్లంగడ్డ. ఆయన దగ్గర ఏమీ లేదు.

అరగంటకు కింద నుంచి ఒక గుంటూరు లారీ వచ్చింది. డ్రైవరు తల బయటపెట్టి చెక్‌పోస్టు వాచరు మాల్యాద్రితో అన్నాడు:

"కింద మూడో మలుపులో, కల్వర్టు గోడ మీద పెద్దాయన కూర్చున్నాడండీ. హారన్ కొట్టినా లేవట్లేదు. కాస్త చూడండి."

లారీ వెళ్లిపోయింది. మాల్యాద్రి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మా ఆయన ఆడనే ఉండాడు నాయనా!" అంది అన్నమ్మ.

"నువ్వు ఈడనే ఉండక్కా. నా బండ్లో పెట్రోలు గూడా లేదే..."

"పేరెత్తి పిలిచింది నేను. నేనే పోతా."

అతను ఖాళీ నూనె డబ్బా, కర్ర తీసుకుని ఆమె సైకిలు క్యారేజి మీద కూర్చున్నాడు. దిగుడు. అన్నమ్మ బ్రేకు సంగతే మర్చిపోయింది. ఆ వేగానికి ఆమె నీడ ఒక మలుపు వెనకబడింది. వెనక మాల్యాద్రి దబదబా డబ్బా వాయిస్తున్నాడు. ఆమె పైకే ప్రార్థన చేస్తోంది.

"ప్రభువా, ఆయన్ని నాకియ్యి. ఇంక ఆయనేం చెప్పినా అబద్ధమని అనను. చెరువులో చేప తనతో మాట్లాడిందన్నా సరే, నమ్ముతా."

మూడో మలుపు. డబ్బా చప్పుడు ఆగిపోయింది.

ముందు విశ్వాసం సైకిలు కనిపించింది, రోడ్డు పక్కన పడిపోయి. ఆ పైన, వెదురుపొద సందుల్లోంచి, కల్వర్టు గోడ మీద పసుప్పచ్చగా ఒక ఆకారం. ఒంటి మీద నిలువునా నల్లచారలు. కదలడం లేదు.

మాల్యాద్రి ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె విదిలించుకుంది. మనిషి లేడు, సైకిలుంది, అది కడుపు నిండి కూర్చుంది. ఆమెకు ఇంకేం తోచలేదు. బుట్టలోని బెల్లంగడ్డ తీసి బలంకొద్దీ విసిరింది.

"నా మొగుణ్ణి కక్కు!"

"అబ్బా! ఎవురే అదీ?" అంది పులి, అచ్చమైన అర్ధవీడు యాసలో.

విశ్వాసమే. చెమటకు తలరంగంతా కరిగి, పసుపు టీషర్టు మీద చారలు చారలుగా కారింది. పైన జుట్టు పత్తి పగిలినట్టు తెల్లగా ఉంది.

"ఓర్నీ!" అన్నాడు మాల్యాద్రి. "గుంటూరోడు పెద్దాయనన్నది ఈ పెద్దాయన్నా!"

అన్నమ్మ నవ్వలేదు. దగ్గరికెళ్తే అతని చేతులు గడగడ వణుకుతున్నాయి. ఒళ్లు చల్లగా ఉంది. చూపు నిలవడం లేదు. కింద పడ్డ బెల్లం ఏరి, కొంగుతో తుడిచి, నోట్లో పెట్టింది.

"నములయ్యా. మింగు. ఏందయ్యా, మాట్లాడు."

మాట్లాడలేదు. ఇంకో ముక్క పెట్టింది. నీళ్లు తాగించింది. పెళ్లైన ముప్పై ఏళ్లలో ఆ మనిషి అంతసేపు నోరు మూసుకుని ఉండడం ఆమె చూడలేదు. పులి ఎదురుగా వచ్చినా ఆమెకంత భయం వేసేది కాదు. అతని మణికట్టు పట్టుకుని, ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

ఎంతసేపటికో వణుకు తగ్గింది. విశ్వాసం మూతి తుడుచుకుని, చెయ్యికంటిన నలుపు చూసుకుని, నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు.

"అన్నమ్మా... నువ్వు పోయినాక పెద్దాయన వచ్చినాడే. ఈ గోడ మీదనే, నా పక్కన కూసున్నాడు. మీసాలకు ఏం రంగేస్తావని అడిగినాడు."

మాల్యాద్రి పక్కున నవ్వబోయి, అన్నమ్మ చూపు చూసి ఆగిపోయాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో అతని నుదుటి మీది నలుపు తుడుస్తూ,

"అట్లనా?" అంది. "మరి నువ్వేం చెప్పినావు?"