నేలకు ఆనని మోకాలు

చేతులు రెండూ వెనక్కి కట్టుకుని మంగతాయారు వరసల మధ్య నడుస్తోంది. కల్యాణమండపం మేడ మీది హాలులో పద్నాలుగు మంది చాపల మీద కూర్చుని, అరికాళ్లు ఒకదానికొకటి ఆనించి, మోకాళ్లు చెరో పక్కకీ వదిలి, ఆమె మాట కోసం చూస్తున్నారు. కిటికీ అవతల పవరుపేట స్టేషన్లో పాసింజరు ఆగి, మళ్లీ కదిలింది.

"మోకాళ్లని ఎగరెయ్యకండి. వాటి బరువుకి అవే దిగుతాయి," అంది. "తొడ లోపల సాగుతున్నట్టు ఉంటే పర్లేదు. మోకాల్లో గాని, గజ్జలో గాని పొడిచినట్టు అనిపిస్తే ఆపెయ్యాలి. ఇవాళ కాకపోతే రేపు."

రిటైరైన బస్సు డ్రైవరు తాతాజీ మోకాళ్లు చెవుల దగ్గరికి లేచి ఉన్నాయి. ముప్పైరెండేళ్లు ఒకే సీట్లో కూర్చున్న మనిషి. ఆయన పక్కన మడతపెట్టిన దుప్పటి పెట్టి, "కొంచెం లేచి దీని మీద కూర్చోండి. పిరుదులు ఎత్తుగా ఉంటే నడుం వంగదు," అంది. ఆయన కూర్చున్నాక, మోకాళ్ల కింద పెట్టుకోమని రెండు దిండ్లు అందించింది. అంతే. చెయ్యి మాత్రం వెయ్యలేదు. ఈ మధ్య ఆమె ఎవరినీ ముట్టుకోవడం లేదు. క్లాసులో వాళ్లు అది ఆవిడ పద్ధతి అనుకుంటున్నారు.

"మేడమ్, నా మోకాళ్లు నేలకి ఇంక రెండంగుళాలే ఉన్నాయండి," అంది ముందు వరసలోంచి హర్షిణి. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం పిల్ల, చేరి పది రోజులైంది. "మీరొక్కసారి నొక్కితే ఆనిపోతాయి."

"నేను నొక్కనమ్మా. ఆనకపోయినా నష్టం లేదు. ఒక్కొక్కరి ఎముక తీరు ఒక్కోలా ఉంటుంది."

క్లాసయ్యాక చాపలు చుడుతుంటే ఆ పిల్ల ఫోను పట్టుకుని వచ్చింది. "మా అమ్మ దాచిందండి. ఇది చూసే నన్ను మీ దగ్గర చేర్పించింది."

పేపర్లో పడిన ఫొటో. కిందటి జూన్‌లో యోగా దినం నాటిది. అందులో మంగతాయారు జరీ అంచు చీర కట్టుకుని, ముందు వరసలో కూర్చున్న ఒకావిడ మోకాళ్ల మీద రెండు అరచేతులూ ఆనించి వంగి ఉంది. పక్కన పెద్ద అధికారి చప్పట్లు కొడుతున్నాడు.

"ఈవిడకి నొక్కారు కదండీ," అంది హర్షిణి. తప్పు పట్టడానికి కాదు, మామూలుగానే అంది.

"ఆవిడకి అలవాటమ్మా. చాలా ఏళ్ల నుంచి చేస్తోంది."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో వినేసరికి మంగతాయారు చెవులు వేడెక్కాయి. హర్షిణి మెట్లు దిగి వెళ్లిపోయాక కూడా చాలాసేపు చుట్టిన చాపనే మళ్లీ విప్పి చుట్టింది.

ఫొటోలో ఉన్న ఆ వహీదా క్లాసుకు వచ్చింది నాలుగు నెలలే. తంగెళ్లమూడిలో తివాచీలు నేసే మనిషి. పన్నెండో ఏట మగ్గం ముందు చెక్క పలక మీద కూర్చుంది. నలభై ఏళ్లు కూర్చునే ఉంది. తుంటి బిగుసుకుపోయి, నమాజులో కింద కూర్చోలేకపోతున్నానని, అది మొగుడికి కూడా చెప్పుకోలేక సిగ్గుపడుతూ చెప్పింది. బురఖా తీసి మడతపెట్టుకుని, ఎప్పుడూ ఆఖరి వరసలో గోడ పక్కన కూర్చునేది. కాళ్లు ఎడంగా పెట్టాలంటే చుట్టూ చూసేది. మంగతాయారు ఆమె కోసం ఆ గోడ దగ్గర ఒక దుప్పటి తెర కట్టింది. మొదట వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ల కింద దిండ్లు పెట్టి, అయిదేసి నిమిషాలు ఊరికే ఉండమనేది. మూడో నెలలో ఒకరోజు వహీదా వచ్చి, "నిన్న కింద కూర్చుని నమాజు చదువుకున్నానండీ టీచర్‌గారూ," అంది. పదిహేడేళ్లుగా నేర్పుతున్న మంగతాయారుకి అలాంటి మాట చెప్పినవాళ్లు ఎక్కువమంది లేరు.

ఆ మనిషినే ముందు వరసలోకి తెచ్చి కూర్చోబెట్టింది, అధికారికి చూపించడానికి. ఫొటోగ్రాఫరు, "మోకాళ్లు ఇంకొంచెం కిందకుంటే బావుంటుంది మేడమ్," అన్నాడు. నొక్కింది. కుడి గజ్జలో టక్కుమన్న చప్పుడు తన అరచేతికే తెలిసింది. వహీదా పెదవి కొరుక్కుని, "పర్లేదండీ," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు వహీదా మెట్లు ఒక్కొక్కటే, రెయిలింగు పట్టుకుని దిగడం మంగతాయారు పైనుంచి చూసింది. అధికారికి టీ ఇవ్వాలని లోపలికి వెళ్లిపోయింది.

వహీదా మళ్లీ రాలేదు. మూడుసార్లు ఆమె ఇంటికని బయలుదేరి తమ్మిలేరు వంతెన దాకా వెళ్లి మంగతాయారు వెనక్కి వచ్చింది. ఆ పేపరు ముక్కను భర్త భీమశంకరం ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తే, మేకు ఊడిందని చెప్పి తీసేసింది. ఆయన అడగలేదు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో గుమాస్తాగా చేసి చేసి, అడగడం మానేసిన మనిషి ఆయన.

ఆ పొద్దున్న క్లాసు నుంచి ఇంటికొచ్చి వంట చేసి, ఆయనకి క్యారేజీ కట్టి, పది గంటల బస్సుకి భీమడోలు వెళ్లింది. అక్కడ ఇద్దరు ఆడవాళ్లకి ఇంటి దగ్గర పాఠం. చెప్పే మాటలు రోజూ చెప్పేవే: ముందు ఒళ్లు వెచ్చబడాలి, ఊపిరి బిగపట్టకూడదు, పక్కవాళ్లని చూసి పోటీ పడకూడదు. ఇవాళ ప్రతి మాటా నోట్లోంచి వస్తూ తననే చూస్తున్నట్టుంది. "ఎవర్నీ నొక్కనియ్యకండి, నన్నైనా సరే," అని ముగించేసరికి ఆ ఇద్దరూ ఆమె మొహం వంక చూశారు.

తిరుగు బస్సు దిగి ఇంటికి వెళ్లలేదు. అరడజను బత్తాయిలు కొని తంగెళ్లమూడి ఆటో ఎక్కింది. వంతెన దగ్గర ఆపమందామని నోరు తెరిచింది. ఆటోవాడు చూడలేదు. వంతెన దాటిపోయింది.

ఇల్లు వెతుక్కోవలసిన పని లేకపోయింది. వసారాలో నిలువు మగ్గం, దాని మీద సగం నేసిన తివాచీ. పలక మీద కూర్చున్న పాతికేళ్ల అమ్మాయి లేచి నిలబడింది. వహీదా కళ్లే, ఆమె ఎప్పుడూ చెప్పే కూతురే అయ్యుండాలి.

"సనా నువ్వేనా అమ్మా? నేను యోగా టీచర్ని. మీ అమ్మని చూద్దామని."

అమ్మాయి చున్నీ సర్దుకుంది. "అమ్మీ పోయి ఇరవై రోజులైందండీ. జ్వరమన్నారు, గుండెకి పాకిందన్నారు. నాలుగు రోజులే." కుర్చీ తెచ్చి వేసింది. "కూర్చోండి. మీ గురించి చెప్పేదండీ. ఆఖరి దాకా మంచం మీద పడుకుని, మోకాళ్ల కింద దిండ్లు పెట్టుకుని మీరు చెప్పినట్టే చేసేది. ఏదో వంటింట్లో జారిపడి కాలు పాడుచేసుకుంది గాని, లేకపోతే మీ క్లాసు మానేది కాదు."

మంగతాయారు కూర్చోలేదు. చేతిలో బత్తాయిల సంచి తాడు వేళ్లని కోస్తోంది.

"పడలేదమ్మా," అంది. "నేను నొక్కాను. ఫొటో కోసం. చప్పుడు నాకు తెలిసింది. తెలిసీ లోపలికి వెళ్లిపోయాను."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. సనా పలక మీద పడ్డ దారపు ముక్కని తీసేసింది.

"అమ్మీ ఎనిమిది నెలలు పలక మీద కూర్చోలేదండీ. కుర్చీలోనే నమాజు. ఎవరడిగినా జారిపడ్డాననే చెప్పింది." గొంతులో కోపం లేదు, అది ఉంటే మంగతాయారుకి కొంత తేలికయ్యేది. "మీరు అప్పుడే వచ్చుంటే, చూసి సంతోషపడేదండీ."

"అవునమ్మా."

"పోనీ, మంచినీళ్లు తాగండి."

సనా లోపలికి వెళ్లింది. ఎవరికి ఇవ్వాలో తెలియని సంచిని మంగతాయారు కుర్చీలో పెట్టి నిలబడింది. నీళ్లు వచ్చాయి, తాగింది. గ్లాసు తిరిగి ఇస్తూ చేతులు జోడించబోతే, సనా గ్లాసు అందుకుని, "వద్దండీ," అని మెల్లిగా అంది. మళ్లీ పలక మీద కూర్చుని, కాళ్లు మడిచి, ఆగిన వరసలో తరవాతి ముడి వేసింది.

వెళ్లడానికి తిరిగినప్పుడు మగ్గం పక్కన గోడకి చేరేసిన చేతికర్ర కనిపించింది. అరచెయ్యి ఒరుసుకోకుండా పిడికి ఎర్ర ఉన్ని దారం దగ్గర దగ్గరగా చుట్టి ఉంది. పట్టుకున్న చోట నాలుగు వేళ్ల మేరా ఆ ఎరుపు నల్లబడి, నున్నగా అరిగిపోయింది.