తుడవకుండా ఉంచిన ఫోటో

రుచిత ఫోన్ ఎత్తకపోతే వినోద చేతికి పని సాగదు. సూరత్‌లోని గోడాదరాలో ఇంటి గుమ్మంలో కూర్చుని చీరలకు లేసు కుడుతూ, సలాబత్‌పురాలో కొలువు చేసే బిడ్డకు రోజూ ఏదో ఒక ఆపద ఊహించుకుంటుంది. లిఫ్టు తెగినట్టు, ఆటో బోల్తా పడినట్టు. బిడ్డ వచ్చి చెప్పులు విడిచేదాకా ఆమె గుండె కుదుట పడదు. సాంచె అనే మరమగ్గం నడిపే భర్త రాజమౌళికి ఇదంతా నవ్వులాట.

రుచిత పని చేసేది చీరల డిజైన్లు గీసే ఆఫీసులో. యజమాని సేఠ్ తండ్రి కాలం నాటి అంచుల నుంచి నిన్న గీసిన కొంగు దాకా అన్నీ కంప్యూటర్లకు కలిపిన ఒకే స్టోరేజ్ పెట్టెలో ఉంటాయి. దాన్ని చూసుకోవడం రుచిత పని. పెట్టె రోజూ తన లోపల ఉన్నదంతా ఫోటో తీసినట్టు దాచుకుంటుందని, దాన్నే స్నాప్‌షాట్ అంటారని, ఏది చెడినా ఆ ఫోటో నాటికి వెనక్కి పోవచ్చని ఒకసారి అన్నం తింటూ తల్లికి చెప్పింది. పోయినదాన్ని తెచ్చే ఉపాయం ఒకటుందని వినోదకు అర్థమైంది. ఆ ఉపాయమే పోతే ఎట్లా అన్న భయం కూడా ఆ పూటే మొదలైంది.

దీపావళి ముందు సూరత్‌లో ప్రతి దుకాణం పాతదంతా బయట పారేస్తుంది. సేఠ్ కూడా అల్మారాలన్నీ దులిపించాడు. పెట్టె నిండిందని తెలిసి, ఆ పాత ఫోటోలు కచరా కాక మరేమిటి, అన్నీ తీసెయ్యమన్నాడు. రుచిత ఆ సంగతి నవ్వుతూ చెప్పేసరికి తల్లి చేతిలో సూది ఆగింది.

"అన్నీ తియ్యకు బిడ్డా. బీముకు చుట్టిన నూలు ఒడిసినంక మీ నాయిన సాంచె మీది పోగులన్నీ గుంజేస్తడా? జర కొసలు ఇడిచిపెట్టి, కొత్తయి గాటికే ముడేస్తడు. నువ్వు గూడ ఒక్క కొస ఇడువు."

"సాంచెకు, పెట్టెకు ఏం పొత్తమ్మా?"

"నాకేం ఎరుక. బుగులైతాంది."

ఆ గొడవ పడలేక రుచిత బతుకమ్మ పండుగ నాటి స్నాప్‌షాట్ ఒకటి ఉంచి, దానికి తాళం వేసింది. తాను పెట్టిన గడువు తీరేదాకా పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు కూడా దాన్ని తుడవలేరు. సేఠ్‌కు మాత్రం చెప్పలేదు. చెబితే చివాట్లు తప్పవు.

దీపావళి నాడు సేఠ్ పెట్టెకు కుంకుమ బొట్టు పెట్టి పూజ చేశాడు. కొత్త ఏడు కలిసిరావాలని పాస్‌వర్డ్ కూడా తనే మార్చాడు. శుభ్‌లాభ్. బజారులో ప్రతి గుమ్మం మీదా ఎర్రగా రాసి ఉండే మాట. ఇది ఎవరైనా కనిపెడతారని రుచిత అనబోతే, పండుగ పూట అపశకునం పలకొద్దని కసిరాడు.

సెలవులు ముగిసి, దీపావళి తర్వాత ఐదో నాడు లాభ పంచమికి బజారు తెరిచారు. కొబ్బరికాయ కొట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే ఒక్క డిజైనూ తెరుచుకోలేదు. డబ్బు పంపితేనే విప్పుతామన్న బెదిరింపు ఒక్కటే కనిపించింది. ఎవరో ఇంటర్నెట్‌లోంచి దూరి అన్నిటినీ బిగించి, పోతూపోతూ ఈమధ్య రోజూ చేరిన స్నాప్‌షాట్‌లనూ తుడిచేశారు. తాళం వేసినది మాత్రం వాళ్లకు లొంగలేదు.

రుచిత దాంట్లోంచి డిజైన్లు వెనక్కి తేవడం మొదలుపెట్టింది. బతుకమ్మ తర్వాత గీసినవి పోయాయి, మిగతావి ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆఫీసంతా ఊపిరి పీల్చుకుంది, సేఠ్ మేనల్లుడు తప్ప. అతను తెర మీది తేదీ చూసి మెల్లగా అడిగాడు. అన్నీ తీసెయ్యమంటే ఇదొక్కటే ఎందుకు ఉంచావు, ఇట్లా అవుతుందని నీకు ముందే ఎట్లా తెలుసు?

వినోదకు ఫోన్ వచ్చింది. ఆమె ఊహించుకున్న ఆపదల్లో ఇది లేదు. రుచిత గొంతు తగ్గించి అంతా చెప్పింది, పాస్‌వర్డ్ సంగతితో సహా. అది మాత్రం ఎవరి దగ్గరా అనొద్దంటుండగానే ఎవరో ఫోన్ లాక్కున్నట్టు చప్పుడైంది. వినోద లేసు అక్కడే పడేసి ఆటో ఎక్కింది.

ఆఫీసులో రుచిత కుర్చీ వెనుక సేఠ్, మేనల్లుడు నిలబడి ఉన్నారు. వినోద తనకు వచ్చిన హిందీలో, ఆ ఫోటో ఉంచమన్నది తానేనని చెప్పింది. స్నాప్‌షాట్ అంటే ఏమిటో తెలుసా అని మేనల్లుడు అడిగాడు. తెలియదంది. మరెందుకు ఉంచమన్నావంటే, భయమేసి అంది. అతను నవ్వాడు. సేఠ్ నవ్వలేదు.

పెట్టె పాస్‌వర్డ్ లోకంలో ఇద్దరికే తెలుసని, ఒకరు తన మామ, ఇంకొకరు ఈ పిల్ల అని మేనల్లుడు అన్నాడు. వినోద చూపు తలుపు మీది ఎర్ర అక్షరాల మీద పడింది. రుచిత వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. కానీ బిడ్డను దొంగ అంటుంటే ఏ తల్లి నోరు మూసుకుంటుంది?

"ఇద్దరికేంది సేఠ్, గా తలుపు మీదనే రాసి పెట్టుకుంటిరి గదా," అంది అదే హిందీలో, వేలు చూపిస్తూ.

రుచిత కళ్లు మూసుకుంది.

మేనల్లుడు సేఠ్ వైపు తిరిగి, పాస్‌వర్డ్ తెలిసిన మూడో మనిషి దొరికింది మామా అన్నాడు. బిడ్డ పాస్‌వర్డ్ బయటపెట్టిందని తన నోటితో తానే ఒప్పుకున్నట్టయిందని వినోదకు అప్పుడు తెలిసింది. సేఠ్ ఫోన్ తీసి పోలీసులకు కలుపుతున్నాడు. తెర మీద పాత డిజైన్లలోని పూలు ఒక్కొక్కటే విచ్చుకుంటూ వస్తూనే ఉన్నాయి.