గుండీ మీద పరాయి కుట్టు

మా ఆయన చొక్కాకి గుండీ ఊడితే నేనే కుడతాను. దారం రెండు నిలువు గీతల్లా వేస్తాను. అమ్మ నేర్పింది అదొక్కటే, నాకింకో కుట్టు రాదు. ఆ పొద్దున ఆయన పనికి వెళ్ళాక బట్టలు ఉతుకుతుంటే నీలం చొక్కా చేతికొచ్చింది. దాని గుండీల మీద దారం ఇంటూ గుర్తులా ఉంది. పైనుంచి కిందిదాకా అన్నీ అంతే.

తిప్పి చూశాను. కాజాలు మూసి కుట్టేశారు. గుండీలు పైకి అందానికే, అడుగున మాత్రం టిచ్ బటన్లు. ఒక్క లాగు లాగితే టిక్కు టిక్కుమని చొక్కా మొత్తం విడిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళాం కుట్టిన గుండీలు పీకించేసి, చటుక్కున విప్పుకునే చొక్కా వేసుకోవాల్సిన అవసరం ఈయనకెక్కడొచ్చింది?

ఒకటొకటే గుర్తొచ్చాయి. ఈ మధ్య నన్ను ముట్టుకోవడం లేదు. పాపని ఎత్తుకోమంటే "చేతులకి ఇనుప రజను ఉందే" అంటాడు. ఇనుప గేట్లు చేసే షెడ్డులో గ్రైండర్ పట్టి అతుకులు నున్నగా చేయడం ఆయన పని, రజను నిజమే. కానీ కడుక్కొచ్చాక కూడానా? పైగా పొద్దున్నే తొందరగా బయల్దేరడం. దారిలో ఉన్నది వీధి చివర టైలరమ్మ కొట్టు. మొగుడు లేడు, మనిషి చలాకీ. ఈయన ఆమెని "అక్కా" అని పిలుస్తాడు. పిలిస్తే అక్క అయిపోతుందా?

తడి చొక్కా భుజాన వేసుకుని, పాపని చంకనేసుకుని బయల్దేరాను. బయట చలికి పాప ముక్కు ఎర్రబడింది. తిరిగొచ్చేసరికి జలుబు చేస్తుందేమోనని ఒక భయం, వెళ్ళకపోతే ఏం జరుగుతుందోనని ఇంకో భయం.

షెడ్డుకి పోయాడనుకున్న మనిషి కొట్లోనే ఉన్నాడు. స్టూలు మీద కూర్చున్నాడు. టైలరమ్మ ఆయన ముందు వంగి, రెండు చేతులూ తన చేతుల్లో పట్టుకుని ఉంది.

"బాగుంది! కుట్టుపని ఇలా కూడా చేస్తారా?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి చేతులు లాక్కున్నాడు. ఇస్త్రీ పెట్టెతో వెచ్చచేసిన గుడ్డ జారి కింద పడింది. అప్పుడు కనిపించాయి ఆయన వేళ్ళు. సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా, నెత్తురన్నదే లేనట్టు.

"ఏమయ్యింది?" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. టైలరమ్మే చెప్పింది. "ఆ మిషన్ వణుకు వల్ల, చెల్లీ. మా అన్న మిషన్‌తో రాళ్ళు తొలిచేవాడు, ఆయనకీ ఇంతే. చలికి వేళ్ళు ఇలా చచ్చుబడతాయి. చొక్కా సరిచేయించుకోవడానికొచ్చి గుండీ పెట్టుకోలేక నా ముందు అవస్థ పడ్డాడు. అందుకే అలా కుట్టిచ్చా."

"నీకు చెప్పాడు. నాకు చెప్పలేదు."

"నీకెలా చెప్పనే?" అన్నాడు ఆయన. "పాప తుమ్మితేనే తెల్లార్లూ కూర్చుంటావు."

"మరి పాపని ఎందుకు ఎత్తుకోవడం లేదు?"

"పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియట్లేదు. జారిపోతే?"

టైలరమ్మ గుడ్డ తీసి మళ్ళీ మడతపెడుతూ, "మొద్దుబారడం ముదిరితే స్పర్శ మళ్ళీ రాదు, డాక్టరుకి చూపించుకో, వేరే పని ఇమ్మని ఓనరుని అడుగు అని మొత్తుకుంటున్నా. నా మాట వింటేనా!" అంది.

ఆమె మాట వినడు. అంత దిగులులోనూ ఆ ముక్క నాకు చల్లగా తగిలింది.

"నా మాట వింటాడు," అన్నాను. "ఆ గుడ్డ ఇలా ఇవ్వండి."

ఆయన వేళ్ళకి నేనే చుట్టాను. కాసేపటికి తెలుపు పోయి ఎర్రబడ్డాయి. సూదులు గుచ్చుతున్నట్టుందని పళ్ళు బిగపట్టాడు. టైలరమ్మ పాపని ఆడిస్తూ అటు తిరిగి నిలబడింది. మంచి మనిషే. మంచిదని ఒప్పుకోవడం మరీ కష్టంగా ఉంది.

అక్కణ్ణుంచి ఆయనా, నేనూ, చంకలో పాపా షెడ్డుకి వెళ్ళాం. ఆయన నీళ్ళు నములుతుంటే నేనే అడిగాను. ఓనరు గొణుగుతూనే ఆయన్ని రంగులేసే వైపు పంపాడు. "ప్రస్తుతానికి" అన్నాడు. ఆసుపత్రికి మర్నాడు వెళ్దామని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను.

సాయంత్రం ఆయన వచ్చేసరికి నేను నీలం చొక్కా గుండీల కుట్లు విప్పుతున్నాను.

"గట్టిగానే ఉన్నాయిగా, ఎందుకే?"

"అడుగున టిచ్ బటన్లు ఉంచుతాలే. పైన కుట్టు మాత్రం నాది ఉండాలి."

నవ్వాడు. ఆయన్ని గోడకి ఆనించి కూర్చోబెట్టి పాపని ఒళ్ళో పెట్టాను. కింద నా చెయ్యి ఉంచాను. పాప వాళ్ళ నాన్న ఒంటి మీదున్న చొక్కా గుప్పిట పట్టి లాగింది. అదీ టిక్కుమంది. మళ్ళీ లాగింది.

"దీనికి భలే నచ్చిందే అక్క కుట్టిన చొక్కా," అన్నాడు.

"అది కూడా విప్పి ఇటివ్వు," అన్నాను.