లాభం చెప్పేటప్పుడు

ఇస్త్రీ షాపువాడు పొద్దున్నే షట్టర్ ఎత్తే వేళకి పైన గదిలో అక్క చాపలు పరిచేసేది. వచ్చేవాళ్లు చెప్పులు మెట్ల మీద విడిచి, గోడవైపు తిరిగి ఊరికే కూర్చునేవాళ్లు. ఆమె నేర్పేది అదే. ఊరికే కూర్చోవడం కూడా ఒకళ్లు నేర్పాలా అని నవ్వకండి, ఓ పావుగంట కూర్చుని చూడండి, తెలుస్తుంది సంగతి. ఆమెని వీధంతా అక్కా అనే పిలిచేది, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా.

ఒక్కటే చిక్కు. "దీనివల్ల లాభమేంటక్కా?" అని ఎవరైనా అడిగి, ఆమె చెప్పడం మొదలెడితే ఇక ఆ చుట్టుపక్కల చప్పుడన్నది ఉండేది కాదు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, మోత ఉండదు. అక్క పెదాలు కదులుతాయి, చేతులు తిప్పుతుంది, కళ్లు మెరుస్తాయి, ఒక్క ముక్క ఎవరి చెవినైనా పడితే ఒట్టు. ఆమె ఆపగానే అన్ని చప్పుళ్లూ తిరిగొచ్చేవి. దీన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒకళ్లకి నత్తి ఉంటుంది, ఒకళ్లకి మాటకి ముందు దగ్గొస్తుంది, ఈమెకి ఇది. పక్క వాటాలో ఉండే టైలరమ్మ మాత్రం, "లాభం చెప్పేముందు ఒక కేకెయ్యమ్మా, కుక్కర్ విజిల్ వినపడక నిన్న అన్నం మాడిపోయింది" అని గొణిగేది.

బోర్డు రాయడానికొచ్చిన పెయింటర్ కూడా నిచ్చెన మీంచి అడిగాడు, "కింద లాభాలు రాద్దామక్కా, చెప్పండి" అని. ఆమె చెప్పింది. అతను తలకాయూపి, 'లాభాలు' అని రాసి, రెండు చుక్కలు పెట్టి, కింద ఖాళీ వదిలేసి దిగిపోయాడు. పోనీ తనే రాద్దామని ఓ కాగితం ముందేసుకుంది. 'మనసు తేలికపడును, నిద్ర బాగా పట్టును' అని రాసి చూసుకుంటే అచ్చం తలనూనె ప్రకటనలా ఉంది. చాప మీద తనకి జరిగేదానికీ ఆ రాతకీ ఎక్కడా పొంతన లేదు. చింపి పారేసింది.

ఊరంతటికీ అర్థం కాకపోయినా ఆమెకి బెంగ లేదు. తమ్ముడొక్కడు వచ్చి పక్కన కూర్చుంటే చాలని ఆమె ఆశ. రోజూ అందరూ సర్దుకుని కూర్చున్నాక ఒకసారి మెట్లవైపు చూసేది.

తమ్ముడిది రేకుల వర్క్‌షాపు. ట్రంకు పెట్టెలూ, నీళ్ల డ్రమ్ములూ చేస్తాడు. ఏళ్ల తరబడి సుత్తి మోతలో బతికేసరికి ఆ మోత వాడి చెవుల్లోనే కాపురం పెట్టేసింది. సుత్తి ఆపినా అది ఆగదు. పడుకున్నా గుయ్యిమంటూనే ఉంటుంది. దీనికి మందు లేదు, అలవాటు చేసుకోవాలన్నాడు డాక్టరు. అలవాటు కాలేదు సరికదా, నిద్ర పోయింది, ఓర్పు పోయింది. ఒకప్పుడు నలుగుర్నీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించినవాడు, ఇప్పుడు చెంచా కింద పడితే ఇల్లెగిరిపోయేలా అరుస్తున్నాడు.

ఫోన్లో ఎన్నిసార్లు రమ్మందో. "ఊరికే కూర్చుంటే ఏమొస్తుందక్కా? రేకు కొనేముందు కూడా వంచి చూస్తాను నేను. లాభమేంటో చెప్పు, వస్తా" అనేవాడు. చెప్పబోతే లైను చచ్చిపోయినట్టయ్యేది. అక్క విసుక్కుని పెట్టేసిందనుకుని వాడూ పెట్టేసేవాడు. ఎదురుపడినప్పుడు మాత్రం ఎంత అడిగినా ఆమె నోరు విప్పేది కాదు. చంకనేసుకుని పెంచిన తమ్ముడి ముందు మాట పెగలని పంతులమ్మలా నిలబడటం ఆమెకి నామోషీ. తన లోపం వీధంతటికీ తెలిసినా ఫరవాలేదు, వాడికి తెలియకూడదు.

ఓ మధ్యాహ్నం మరదలొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆదివారం మా అమ్మావాళ్లింటికి వెళ్లిపోతున్నా వదినా. మళ్లీ రావడానిక్కాదు."

"చెయ్యి చేసుకున్నాడా?"

"అబ్బే, లేదు. గిన్నెలు కూడా దొంగతనంగా తోముకుంటున్నాను. ఆయన మంచివాడేనని తెలుసు. నాకే ఓపిక అయిపోయింది."

అక్క మరదలి చెయ్యి పట్టుకుని కింది మెట్టు దాకా దిగొచ్చింది.

శనివారం తమ్ముడే వచ్చాడు, ఆ మెట్లెక్కడం వాడికదే మొదలు. చెవుల్లో దూది. చెప్పులు కూడా విప్పలేదు.

"మా ఆవిడ నీ దగ్గరికొచ్చి వెళ్లిందట. బట్టలు సర్దుకుంటోంది. ఏం నూరిపోశావ్?"

"నేనేం చెప్పలేదురా."

"నువ్వెప్పుడు చెప్పావు కనక? ఊళ్లోవాళ్లందరికీ నేర్పుతావు, సొంత తమ్ముడడిగితే మూతి బిగించుకుంటావు. ఇక్కడ కూర్చుంటే నాకేం ఒరుగుతుందో ఇవాళ చెప్పాల్సిందే."

వాడి కళ్లు గుంటలు పడి ఉన్నాయి. అవి చూసి ఆమె పరువు పోతే పోయిందనుకుని మొదలెట్టింది.

ఫ్యాను మోత ఆగింది. టైలరమ్మ మిషను మోత ఆగింది. ఏదో అనబోయిన తమ్ముడు ఆగిపోయాడు. ఒక చెవిలో దూది తీశాడు, రెండోదీ తీశాడు. బస్సు దిగాక సంచి గుర్తొచ్చినవాడిలా అటూ ఇటూ చూశాడు. తన గుట్టు వాడికి తెలిసిపోయిందని సిగ్గుపడి ఆమె ఆపేసింది. మోతలన్నీ వచ్చిపడ్డాయి. వాడి మొహం ముడుచుకుపోయింది.

"ఆపకక్కా."

"నీకేం వినపడలేదు కదరా."

"అవును, ఏం వినపడలేదు. చెప్పు."

చెప్పింది. వాడు గోడకి జారబడ్డాడు, కళ్లు వాలిపోయాయి. ఆమె చెప్పిందే చెప్పింది. లాభాలన్నీ అయిపోయి, చిన్నప్పుడు నీకు గౌను తొడిగి వీధంతా తిప్పేదాన్నిరా అని కబుర్లలోకి దిగితే, ఫ్యాను మోత మెల్లగా తలెత్తేది, నిద్రలోనే వాడి కనుబొమలు ముడిపడేవి. గబగబా మళ్లీ లాభాల్లోకి వచ్చేసేది. గొంతెండిపోతున్నా మంచినీళ్లకి లేవలేదు.

సాయంత్రం మొగుణ్ని వెతుక్కుంటూ మరదలొచ్చి గుమ్మంలోనే ఆగింది. అతను నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పెళ్లైన కొత్తల్లో చూసిందంతే, ఆ నిద్ర. ఇక ఓపిక లేక అక్క ఆపింది. చప్పుళ్లకి తమ్ముడు లేచి, తల వంచి తన చెవుల్లోకి తనే విన్నాడు.

"ఉందా?" అంది అక్క.

"ఉంది. కానీ పక్కవీధిలోకి పోయింది."

మరదలు వచ్చి అతనికెదురుగా చాప మీద కూర్చుంది. "వదిన ఏం చెప్పిందండీ? ఏం లాభమట?"

చెబుదామని అతను నోరు తెరిచాడు. ఫ్యాను మోత ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, సుత్తి పట్టే ఆ మోటు చేతులు గాల్లో ఏదో కొలిచి చూపిస్తున్నాయి. తన మాట ఎవరికీ వినపడటం లేదన్న ధ్యాసే లేదు మనిషికి. మరదలు ఒకసారి వదినవైపు చూసి, మళ్లీ మొగుడి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

ఆ మాటలు అవతలివైపు కూర్చుని వినడం అక్కకి ఇన్నేళ్లలో అదే మొదటిసారి. ఒక్క ముక్క వినపడలేదు. ఏడుపు ఆగక కొంగుతో కళ్లొత్తుకుంటూ, అవునురా, అంతే, సరిగ్గా అదే అని తలూపుతూ కూర్చుంది.

మర్నాడు ఆదివారం. మరదలు ఊరెళ్లలేదు.