హాకింగ్ వాళ్ళ అద్దె ఇల్లు

పొద్దున్నే లిగాయకు రెండు పనులు. రాత్రి మిగిలిన అన్నంలో వెల్లుల్లి వేసి వేయించడం ఒకటి, మొగుణ్ణి లేపడం రెండోది. అన్నం వేగినంత త్వరగా క్రిసాంతో లేవడు. లేచాక మాత్రం పాడుతూ స్నానం, పాడుతూ తిండి, పాట సగంలో ఉండగానే బూట్లు వేసుకుని హాకింగ్ వర్క్‌షాపుకి బయల్దేరతాడు. కోత యంత్రాలకు వెల్డింగ్ చేయడం అతని పని. బిర్రాడేల్ చుట్టుపక్కల గోధుమ రైతులందరికీ అతని చేతి అతుకంటే గురి. దారిలో ఎదురైన ప్రతి బండికీ స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపి పలకరించడం కూడా వచ్చిన వారానికే పట్టేశాడు. ఆ వేలు లేపనివాణ్ణి ఈ ఊరు మనిషిగా చూడదు.

వాళ్ళు ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నుంచి వచ్చింది పని తెలిసినవాళ్ళకు ఇచ్చే మారుమూల ప్రాంతాల వీసా మీద. మూడేళ్ళు ఇక్కడే కాపురముండి, ఇక్కడే పనిచేస్తే, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో ఎక్కడైనా శాశ్వతంగా ఉండొచ్చు. మధ్యలో మెల్‌బోర్న్‌కి మకాం మార్చారంటే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. మొగుడికి అది తలమీద బరువు. లిగాయకు మాత్రం అది కూతురు టాలా. పిల్ల రేపు ఏ ఊళ్ళో కావాలంటే ఆ ఊళ్ళో చదవాలి, తనలాగా ఎవరి అనుమతికోసమూ ఎదురుచూడకుండా బతకాలి. దానికోసం ఈ దుమ్మూ, ఈ ఈగలూ, ఎండాకాలంలో ఇంట్లో దూరే ఎలుకలూ ఆమెకు లెక్కలోకి రాలేదు.

ఇక ఇళ్ళ సంగతి. బిర్రాడేల్‌లో ఇంట్లోవాళ్ళు ఉండిపోదామనుకుంటే ఇల్లు పెరుగుతుంది. వెళ్ళిపోదామనుకుంటే తగ్గుతుంది. వానల గురించీ గోధుమ ధర గురించీ మాట్లాడుకున్నట్టే ఊళ్ళో దీని గురించీ మాట్లాడుకుంటారు. మెయిన్ రోడ్డు మీద మోటెల్ కొని వ్యాపార వీసా మీద వచ్చిన కొరియా ఆయన, మిస్టర్ నో, ఒక చలికాలంలో సగం గదులు పోగొట్టుకున్నాడు. భార్య సియోల్ వెళ్ళిపోయింది. ఆయన మాత్రం ఎప్పుడు చూసినా రిసెప్షన్ బల్ల వెనకే ఉంటాడు. మర్యాదస్తుడు. వచ్చినవాళ్ళకు తాళంచెవి కిటికీలోంచి అందిస్తాడు.

ఆ రోజు లిగాయ విడిచిన బట్టల బుట్ట ఎత్తుకుని వెనక్కి వెళ్తే లాండ్రీ గది లేదు. తలుపుండాల్సిన చోట నున్నటి గోడ. వాషింగ్ మెషీన్ వంటింట్లో ఫ్రిజ్ పక్కన ఒదిగి నిలబడి ఉంది.

"అమ్మా, లాండ్రీ పోయింది. నా నెట్‌బాల్ స్కర్టు అందులోనే ఉండిపోయిందా ఏంటి?" అంది టాలా. పిల్ల బాధ పిల్లది. ఇంట్లో ఎవరో వెళ్ళిపోదామనుకుంటున్నారని లిగాయకు అర్థమైంది.

సాయంత్రానికి బెరిల్ హాకింగ్ గుడ్లు పట్టుకుని వచ్చింది. వర్క్‌షాపు యజమాని నెవిల్ భార్య ఆమె. ఈ ఇల్లూ వాళ్ళదే, క్రిసాంతోకు వీసా ఇప్పించిందీ వాళ్ళే.

"లాండ్రీ పోయిందటగా? టాలా బడిలో చెప్పిందిలే."

"అవును మేడమ్ బెరిల్."

"మేడమేంటమ్మాయ్, నేనేమన్నా పోలీసునా?" అంటూ లోపలికొచ్చి చుట్టూ చూసింది. హాల్లో మూలనున్న పెద్ద అట్టపెట్టె దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. "ఎవరు సర్దుకుంటున్నారు?"

లిగాయకు ఒక్కసారిగా నవ్వొచ్చింది, ఊపిరీ వచ్చింది. "అయ్యో, అదా! మా ఊరికి పంపే పెట్టె. మావాళ్ళు ఏ దేశంలో ఉన్నా ఇంట్లో ఇదొకటి ఉండాల్సిందే. సబ్బులు, చాక్లెట్లు, మాంసం డబ్బాలు కొన్నప్పుడల్లా అందులో పడేస్తూ ఉంటాం. నిండాక ఓడ ఎక్కిస్తాం. వెళ్ళేది పెట్టే, మేం కాదు."

"అది నీకు తెలుసు, ఇంటికేం తెలుసు? మా మావగారు కట్టిన ఇల్లిది. ఇది చూసిన అట్టపెట్టెలన్నీ పోయేవాళ్ళవే. త్వరగా పంపించేయ్." గుమ్మం దాటుతూ ఆగింది. "నెవిల్‌కి నేను చెప్పన్లే. ఆయన ఇలాంటివి మనసులో పెట్టుకుంటాడు."

పెట్టె సగం కూడా నిండకుండానే వెళ్ళిపోయింది. "అత్తలందరూ సగం సబ్బులే వచ్చాయని సాధిస్తారు చూడు. ఇల్లు చిన్నబుచ్చుకుందని చెప్తే నమ్ముతారా?" అన్నాడు క్రిసాంతో. నవ్వాడు కూడా. ఆ నవ్వు మాత్రం ఎక్కడో తెగింది.

తర్వాతి వారం వరండా పోయింది. ఆ తర్వాత టాలా గది. పిల్ల వాళ్ళిద్దరి మధ్య పడుకోవడం మొదలుపెట్టింది. స్టోర్ దగ్గర ఆడవాళ్ళు లిగాయను చూసి గొంతు తగ్గించేవాళ్ళు. పెట్టెది ఏ పాపమూ లేదని ఆమెకు అర్థమైంది. తను కాదు, పిల్ల కాదు. ఇక మిగిలింది ఒక్కడే. అతను పాడటం మానేసి ఎన్నాళ్ళైందో కూడా ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం పులుసు కాస్తూ అడిగేసింది. "ఏం దాస్తున్నావ్ సాంతో?"

"బాయెట్ ఫోన్ చేశాడు. మెల్‌బోర్న్‌లో రైలు పెట్టెలు కట్టే చోట పనుందట. అడ్రసు ఇక్కడే ఉంచి అక్కడ పనిచేసేవాళ్ళు బోలెడుమంది, ఎవడూ చూడడు అన్నాడు."

"మీ తమ్ముడు చెప్పాడా? కోడి పందేనికి వెళ్ళి కోడినే మర్చిపోయి వచ్చినవాడు చెప్పాడా?"

"నాకిక్కడ ఊపిరాడట్లేదు లిగాయ. ఎటు చూసినా ఆకాశమే, మనిషి కనపడడు. నెవిల్ మంచోడే. మంచోడు కాబట్టే భయమేస్తోంది. నన్ను పేరు పెట్టి పిలవడు. 'మా వెల్డర్' అంటాడు, 'మా ట్రాక్టర్' అన్నట్టు."

"ఇంకొక్క చలికాలం. అదయితే అయిపోయినట్టే. పిల్ల మొహం చూడు."

"రేపు పొద్దున్నే వెళ్తాను. కుదురుకున్నాక మిమ్మల్నీ..."

"నువ్వటు వెళ్తే మమ్మల్ని ఇటు విమానం ఎక్కిస్తారు. అప్పుడు టాలాకి ఏం చెప్తావ్?"

బట్టలు సర్దుకోవడానికి లేచాడు. లిగాయ పొయ్యి కట్టేసింది. వంటింటి గోడకు నుదురు ఆనించింది. చర్చిలో కూడా అంత మనసుపెట్టి ఎప్పుడూ అడగలేదు. "వెళ్ళనివ్వకు," అంది గోడతో. ఎవర్ని అని చెప్పలేదు. ఇల్లు ఎరగని సంగతా?

పొద్దున క్రిసాంతో సంచి భుజాన వేసుకుని వచ్చేసరికి వీధి గుమ్మం ఇరుకైపోయి ఉంది. టాలా చంకలో పుస్తకాల సంచితో సునాయాసంగా దూరి బడి బస్సు ఎక్కేసింది. లిగాయ కూడా పట్టింది. అతనికి మాత్రం భుజం దాటలేదు. పక్కకి తిరిగాడు, ఊపిరి బిగబట్టాడు, చొక్కా విప్పి మళ్ళీ ప్రయత్నించాడు. కిటికీలూ అంతే. సుత్తి తెచ్చి గోడ పగలగొడితే దాని వెనక ఇంకో గోడ ఉంది, అది మొదటిదానికంటే కొత్తగా ఉంది.

నెవిల్ బండిలో వచ్చాడు. టోపీ తీసి, బుర్ర గోక్కుని, గుమ్మాన్ని కిందకీ పైకీ చూశాడు.

"కంగారుపడకు కుర్రాడా. పని ఇక్కడికే తెస్తాం."

అన్నట్టే తెచ్చాడు. కరెంటు తీగ కిటికీలోంచి లోపలికి లాగారు. కోత యంత్రాల విరిగిన పళ్ళూ పలకలూ ఒక కిటికీలోంచి వెళ్ళేవి, అతికినవి ఇంకో కిటికీలోంచి వచ్చేవి. కొలువు కొలువే, కాపురం కాపురమే, వీసాకు ఏ లోటూ రాలేదు. నెట్‌బాల్ క్లబ్బు ఆడవాళ్ళు వంతులు వేసుకుని మాంసం కూర గిన్నెలు తెచ్చారు. పాపం అని ఒక్కరూ అనలేదు. అందరూ సంతోషంగా ఉన్నారు.

స్టోర్ దగ్గర ఎదురైన బెరిల్ లిగాయ చెయ్యి నిమిరింది. "మంచి పని చేశావమ్మాయ్."

లిగాయ ఉలిక్కిపడింది. "నేనేం చేశాను?"

"ఏంలేదులే. పెళ్ళైన కొత్తలో మేమూ ఈ ఇంట్లోనే ఉన్నాం. అప్పట్లో నెవిల్ ఓడల్లోకి వెళ్ళిపోతానని ఒకటే గోల." బెరిల్ నవ్వింది. "ఇప్పుడు సముద్రం ఎటువైపుందో కూడా అడగడు."

అప్పుడు లిగాయకు నిజంగా భయమేసింది. ఇంటికి పరుగెత్తి మళ్ళీ గోడకు నుదురు ఆనించింది. తప్పయింది, వదిలెయ్ అని ఏడ్చింది. గోడ చల్లగా ఉంది. "ఉంటాను, ఒట్టు, ఎక్కడికీ వెళ్ళను," అని క్రిసాంతో కూడా గుమ్మం పట్టుకుని అరిచాడు. ఇల్లు నోటిమాట వినే రకం కాదు. గుమ్మం గుమ్మంలాగే ఉంది.

చలికాలం గడిచేకొద్దీ అరుపులు తగ్గాయి. బాయెట్ ఫోన్ చేస్తే మొదట్లో లాక్కుని మాట్లాడేవాడు, తర్వాత ఊకొట్టేవాడు, తర్వాత మోగుతుంటే చూస్తూ కూర్చునేవాడు. గోధుమ పచ్చబడి, పసుపుబారింది. కోతలు మొదలైన రోజు లిగాయ లేచేసరికి గుమ్మం మామూలుగా ఉంది. వరండా వచ్చింది, టాలా గది వచ్చింది, లాండ్రీ వచ్చింది, స్కర్టు ఉతికి మడతపెట్టి ఉంది. క్రిసాంతో వరండాలో కుర్చీ వేసుకుని పొలాలవైపు చూస్తున్నాడు. మొహంలో ఏ బాధా లేదు. లిగాయ ఎంత వెతికినా ఇంకేమీ కూడా లేదు.

శాశ్వత నివాసం మంజూరైందన్న కబురు ఫోన్లో వచ్చింది, ఆమె ఉల్లిపాయలు తరుగుతుండగా. చేతులు తుడుచుకోకుండానే వరండాలోకి పరుగెత్తింది.

"సాంతో, వచ్చేసింది! ముగ్గురికీ! ఇక ఎక్కడికైనా వెళ్ళొచ్చు. మెల్‌బోర్న్ వెళ్దాం పద, బాయెట్ దగ్గరికి. నువ్వన్న ఆ రైళ్ళ పని..."

అతను మర్యాదగా తల తిప్పి చూశాడు, దారి అడిగిన కొత్తమనిషిని చూసినట్టు. "ఎందుకూ? ఇక్కడ బాగానే ఉందిగా."

ఆమె అతని పక్కన కూలబడి చాలాసేపు ఏడ్చింది. అతను భుజం తట్టాడు, నెవిల్ తట్టినట్టే, రెండుసార్లు. ఇతన్ని పోగొట్టుకున్నానని ఆమెకు తెలిసిపోయింది. సరే, నా పాపం నేను మోస్తాను, పిల్లనైనా తీసుకుని రేపే బస్సెక్కుతాను అనుకుంది. నోటితో అనలేదు, మనసులోనే అనుకుంది.

లోపల్నించి టాలా కేక వేసింది. "అమ్మా! కొత్త గదొచ్చింది! రా, చూద్దువుగాని!"

లిగాయ నడవాలోకి పరుగెత్తింది. వంటింటి పక్కన, నిన్నటిదాకా గోడ ఉన్న చోట, సన్నటి గుమ్మం. అవతల వెలుతురు నిండిన గది, మంచం, బల్ల, పువ్వుల కర్టెన్. టాలా మంచం మీద ఎగురుతోంది. లిగాయ లోపలికి అడుగుపెట్టబోతే భుజం తగిలింది. పక్కకి తిరిగినా పట్టలేదు. చెయ్యి మాత్రం వెళ్ళింది, మోచేతి దాకా.

"బయటికి రా టాలా," అంది చెయ్యి చాపి. "అమ్మ దగ్గరికి రా."

"ఎందుకమ్మా?" అంది టాలా దిండు సర్దుకుంటూ. "ఇక్కడ బాగానే ఉందిగా."