కొత్త బండి, పాత వేలు

మా తమ్ముణ్ణి నేను తాతా అని పిలుస్తాను. మా తాత జేపెటీ పోయిన నెలకే వాడు పుట్టాడు, ఆ పేరే వాడికి పెట్టారు. మా మంచుసీమలో పేరుతోపాటు వరసా వస్తుంది. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడైనా వాడు నాకు తాత, నేను వాడికి మనవణ్ణి. ఆ వరసను అడ్డం పెట్టుకుని వాడు బతికినంత కాలం నన్ను ఆడించాడు.

మంచు మీద తిరిగే కొత్త బండి, స్నోమొబైల్, కొన్నది నేను. ముప్ఫై ఏళ్లు కార్బురేటర్ బండ్ల మీదే తిరిగాను. వాటిని ఎలా బతిమాలాలో, ఎప్పుడు తిట్టాలో నాకు తెలుసు. ఈ కొత్తదానికి కార్బురేటరూ లేదు, చోకూ లేదు. పెట్రోలు ఎంత చిమ్మాలో లోపలున్న కంప్యూటరే లెక్కేసుకుంటుందట. వేసవిలో ఓడ మీద పట్నానికి దిగింది. మంచు పడగానే వెళ్లి మా మకాంకి తోలుకొచ్చాను. పాత బండి తాతకిచ్చాను.

తాళం పక్కనే ఒక చిన్న బొమ్మ అతికించి ఉంది. బొటనవేలు, దాని మీద అడ్డంగా ఎర్రగీత.

"ఇదేంట్రా మనవడా?" అన్నాడు తాత.

"ఈ చలికి చేతితొడుగు తియ్యొద్దని కాబోలు."

"కాదులే. వేలు చప్పరించే పిల్లకాయలు నడపకూడదని. నీకెలా అమ్మారో మరి."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ బొమ్మ సంగతి అక్కడితో మరిచిపోయాం.

చలి తక్కువగా ఉన్నన్నాళ్లు తాళం తిప్పితే చాలు, బండి పలికేది. నడిశీతాకాలంలో మొదలైంది దాని అలక. వెంటనే అందుకునేది కాదు. నేను అన్ని బండ్లకూ చేసినట్టే యాక్సిలరేటర్ మీట బొటనవేలితో నిండా నొక్కిపెట్టి సెల్ఫ్ కొట్టేవాణ్ణి. ఇంజను గిరగిరా తిరిగేదే గానీ పలికేది కాదు. విసుగెత్తి, లోపలికెళ్లి టీ తాగి వచ్చి, నీ ఖర్మ అనుకుంటూ ఊరికే తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు పలికేది.

"మనవడి కొత్త పెళ్లికూతురు. మొగుడు టీ తాగితే గానీ నోరు విప్పదు," అనేవాడు తాత. మా మకాంలో ఉన్నవి మూడే ఇళ్లు. మూడిళ్లలోనూ ఇదే నవ్వులాట.

మార్చి నెలలో ఒక పొద్దున తాత పాత బండేసుకుని సీల్ వేటకు మంచు అంచుకు వెళ్లాడు. గడ్డకట్టిన సముద్రం ఆగిపోయి నల్లనీళ్లు మొదలయ్యే చోటు అది. బండి మీద అరగంట దారి. మైనస్ నలభై చలి. వెళ్లేటప్పుడు గాలి లేదు. ఎండ బాగా వచ్చేసరికి గాలి లేచి, మా మీంచి సముద్రం వైపు తిరిగింది. అంతలో రేడియోలో వాడి గొంతు వినబడింది.

"మనవడా, నా వెనకాల మంచు పగిలింది. పడవేసుకుని రా."

"ఎంత వెడల్పు?"

"మీ ఇంటంత. కంగారేం లేదు గానీ, టీ మాత్రం తాగకు."

వాడింకా వేళాకోళం ఆడుతున్నాడు. నేను చిన్న పడవను మంచు మీద ఈడ్చే స్లెడ్జికి కట్టి, స్లెడ్జిని బండికి తగిలించి తాళం తిప్పాను. అందుకోలేదు. బొటనవేలు నిండా నొక్కి సెల్ఫ్ కొట్టాను. గిరగిరా తిరిగింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే. ప్లగ్గు విప్పి చూస్తే ఎముకలా పొడిగా ఉంది. తడి లేదంటే పెట్రోలు రావడం లేదనే కదా అర్థం. గొట్టంలో నీరు చేరి గడ్డకట్టిందనుకున్నాను. స్టవ్ వెలిగించి బానెట్ కింద పెట్టి అరగంట కాచాను. ప్లగ్గుల్ని పొయ్యి మీద వేడిచేసి బిగించాను. మళ్లీ నిండా నొక్కి కొట్టాను. ఎంత పొడిగా ఉంటే అంత గట్టిగా నొక్కాను.

మూడో ఇంటివాళ్లు వాళ్ల బండేసుకుని పట్నం వెళ్లి ఉన్నారు. పట్నాన్ని పెద్ద రేడియోలో పిలిచాను. అక్కణ్ణుంచి బండ్లు రావాలంటే ఒక రోజు. కొట్టుకొచ్చే మంచులో విమానం లేవదన్నారు.

"వినపడుతోందా?" అన్నాడు తాత. ఆ వెనకే ముసలి బండి చప్పుడు వినిపించింది. "ఒక్క లాగుకే పలికింది. నువ్వెందుకమ్మేస్తావురా ఇలాంటి బంగారాన్ని?"

"అమ్మలేదు, నీకు ఊరికే ఇచ్చాను. చీలిక ఎంతుంది?"

"కనిపించడం లేదు. నీళ్ల మీంచి ఆవిరి లేస్తోంది."

పలికే బండికి వెళ్లడానికి చోటు లేదు. చోటున్న బండి పలకదు. నాకు ఏడుపొచ్చింది.

ఊలిపీకా బయటికి వచ్చింది. మా తమ్ముడు జేపెటీ భార్య. చేతిలో మూత పెట్టిన కప్పు.

"ఈ టీ తాగండి బావగారూ. కాసేపు దాన్నొదిలెయ్యండి. మీరు ఊరుకుంటేనే కదా అది పలికేది."

"అక్కడ వాడు కొట్టుకుపోతుంటే టీ ఏంటి? పో లోపలికి."

ఆమెను అలా కసరడం అదే మొదటిసారి. కప్పు బండి సీటు మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ టీ అక్కడే గడ్డకట్టింది.

ఇంకో పావుగంటకు బ్యాటరీ నీరసించింది. ఇంజను లాగి తిప్పే తాడు అందుకున్నాను. కుడిచేత్తో మీట నొక్కి, ఎడమచేత్తో తాడు లాగడం నాకు చిన్నప్పటి విద్య. ముప్ఫై సార్లు లాగాను, నలభై సార్లు లాగాను. తొడుగులో వేళ్లు స్పర్శ కోల్పోయాయి.

"ఏం చేస్తున్నావు?" గొంతు గరగరలాడుతోంది. దూరం పెరిగిపోతోంది.

"లాగుతున్నా తాతా. ప్లగ్గు తడవడం లేదు."

"నిండా నొక్కుతున్నావా?"

"నొక్కుతున్నా."

"ఇంకా నొక్కు మనవడా. వదలకు. నొక్కిపెట్టి లాగు."

నొక్కిపెట్టి లాగాను. చేతులు పనిచేసినంత సేపూ ఆ మాటే విన్నాను. తరవాత రేడియోలో గరగర ఒక్కటే మిగిలింది.

పడవను భుజానికి తాడేసుకుని ఈడ్చాను. అర కిలోమీటరు దాటేసరికి మోకాళ్ల మీద పడ్డాను. దాన్ని అక్కడే వదిలి వట్టి చేతులతో నడిచాను. పొద్దు వాలేవేళకు అంచు చేరాను. వాడి బండి జాడ తిన్నగా నల్లనీళ్ల దాకా వెళ్లి ఆగింది. అవతల ఆవిరి తప్ప ఏమీ లేదు. తాతా అని అరిచాను. గాలి ఆ మాటను వాడు వెళ్లిన వైపే తీసుకుపోయింది.

మూడో రోజున విమానం వాళ్లకు ఒక మంచుపలక కనిపించింది. దాని మీద ముసలి బండి ఉంది. తాత లేడు.

పట్నం నుంచి వచ్చినవాళ్లు వెళ్లేముందు నా బండి బ్యాటరీ ఛార్జి చేసి పెట్టారు. నేను దాని ముఖం చూడలేదు. దాని పాడు కంప్యూటరును, చేసినవాణ్ణి, ఓడ మీద తెచ్చినవాణ్ణి మంచం మీద పడుకునే తిట్టాను.

ఎనిమిదో రోజు పొద్దున బయట ఇంజను చప్పుడైంది. చొక్కాతోనే బయటికి పరిగెత్తాను. బండి మీద ఊలిపీకా కూర్చుని ఉంది. తాగునీటికి మంచుగడ్డలు తేవాలని బయల్దేరింది. కుడిచేతిలో గునపం. పాత బండి తాడు ఆమె ఏనాడూ లాగలేదు, జేపెటీ లాగనిచ్చేవాడు కాదు.

"ఎలా పలికింది?" అన్నాను.

"తాళం తిప్పాను."

"మీట నొక్కావా?"

"ఎందుకు నొక్కడం? నొక్కొద్దని బొమ్మేశారు కదా," అంది గునపంతో ఆ ఎర్రగీత చూపిస్తూ. "చలికి కాస్త ఎక్కువసేపు తిరగనిస్తే అదే అందుకుంటుందంట, నొక్కిపెడితే పెట్రోలు రాదంట. మొన్న పట్నమాయన చెప్పాడు. కొత్తవాటికి వేలు పెట్టకూడదంట బావగారూ."

నా కుడిచేతి బొటనవేలు వంకరపోయి ఉంది. అది చలికి నల్లబడి, ఇంకా చక్కబడలేదు. అలవాటులో పొరపాటు అంటారు. అదొక చిన్న మాట, మనిషి కాఫీలో ఉప్పేసుకున్నప్పుడు అనే మాట. నేను టీ తాగి వచ్చిన ప్రతిసారీ బండి ఎందుకు పలికేదో అప్పుడు తెలిసింది. అది అలక మానలేదు. నేను వేలు తీశానంతే.

ఊలిపీకా నా వేలు చూసింది, ఆ తరవాత నా ముఖం చూసింది. తాళం తీసేసింది. చప్పుడు ఆగింది.

"ఆ రోజు కాసేపు ఊరుకోమన్నాను," అంది.

తాళం సీటు మీద, కప్పు పెట్టిన చోటే పెట్టి, గునపం భుజాన వేసుకుని కొలను వైపు నడిచిపోయింది.

నొక్కమన్నది వాడేనని నేను ఆమెకు చెప్పలేదు. చెబితే సగం తప్పు వాడి మీదికి పోతుంది. మోయడానికి వాడు లేడు.